వారానికి రెండు కొత్త వ్యాసాలా, ఉన్న పేజీలు సరిచేయడమా? సలహా కావాలి

నీటిచుక్క (చర్చ మొదలుపెట్టినవారు)

నమస్కారం అండి. మాది వాటర్ ప్యూరిఫైయర్లు అమ్మి, సర్వీస్ చేసే చిన్న వ్యాపారం. నాన్నగారు మొదలుపెట్టారు. వెబ్‌సైట్ పని ఈమధ్యే నా చేతికి వచ్చింది.

రెండేళ్ల కిందట ఒక మార్కెటింగ్ ఏజెన్సీ వాళ్లు "సైట్ ఎప్పుడూ ఫ్రెష్‌గా ఉండాలి, వారానికి రెండు వ్యాసాలు పడాలి" అన్నారు. ఏడాది పాటు పెట్టించాం. నీరే ప్రాణాధారం, నీళ్లు ఎందుకు తాగాలి, ఆరోగ్యానికి పది సూత్రాలు, ఇలాంటివి. తొంభై దాకా పోగయ్యాయి. ఫోన్లు మాత్రం పెరగలేదు.

పోయిన వారం ఒక పెద్దాయన ఫోన్ చేశారు. మా సైట్‌లో వార్షిక సర్వీస్ కాంట్రాక్ట్ పేజీ చదివి డబ్బు కట్టారట. అందులో "ఏడాదికి ఒకసారి మెంబ్రేన్ ఉచితంగా మారుస్తాం" అని ఉంది. (మెంబ్రేన్ అంటే ప్యూరిఫైయర్‌లో నీళ్లను వడపోసే పొర.) ఆ ప్లాన్ ఆపేసి చాలా కాలమైంది, పేజీ మాత్రం ఎవరూ మార్చలేదు. ఆయనకు మెంబ్రేన్ ఉచితంగానే వేసి ఇచ్చాం. కానీ ఆయన "నేను చదివే కదమ్మా కట్టాను" అన్న మాట నన్ను వదలడం లేదు. తొంభై వ్యాసాలు రాయించాం, ఆ ఒక్క వాక్యం చూసుకోలేదు.

నా సందేహాలు: వ్యాసాలు కొనసాగించాలా? పాతవి తీసేయాలా? ప్రతి పేజీ మీదా తేదీని నెలనెలా ఈ రోజుకి మారిస్తే గూగుల్‌కి కొత్తగా కనిపిస్తుందని ఏజెన్సీ వాళ్లు అంటున్నారు. అది సరైనదేనా?

---

సర్వర్‌గది

మూడో ప్రశ్నకి ముందు చెప్తాను. వద్దు. లోపల ఏమీ మార్చకుండా తేదీ మాత్రం మార్చడం చేయవద్దని గూగుల్ తన మార్గదర్శకాల్లోనే చెప్పింది. గూగుల్ సంగతి పక్కన పెట్టినా, ఆ పెద్దాయన చదివిన పేజీ మీద నిన్నటి తేదీ ఉండి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. పాత పేజీ అని అనుమానించే అవకాశం కూడా ఆయనకు లేకుండా పోయేది.

"ఫ్రెష్" అన్న మాట ఎక్కడినుంచి వచ్చిందో కూడా తెలుసుకోవాలి. 2011 నవంబరులో గూగుల్ ఒక మార్పు ప్రకటించింది. సుమారు 35 శాతం వెతుకులాటల మీద ప్రభావం ఉంటుందని చెప్పింది. అది దేనికోసం? ఇప్పుడే జరుగుతున్న వార్తలు, మళ్లీ మళ్లీ వచ్చే ఎన్నికలు, ఆటల పోటీలు, తరచుగా కొత్త మోడళ్లు వచ్చే వస్తువులు, అలాంటి వాటికోసం. "మెంబ్రేన్ ఎప్పుడు మార్చాలి" అని వెతికేవాడికి నిన్న రాసిన జవాబే కావాలని లేదు, సరైన జవాబు కావాలి. చాలామంది ఆ ప్రకటనలో మొదటి ముక్క మాత్రం పట్టుకున్నారు. దాని మీదే వారానికి రెండు వ్యాసాల లెక్క పుట్టుకొచ్చింది.

---

అక్షరపని

నీటిచుక్క గారూ, నేను పదేళ్లుగా వ్యాపార సైట్లకు రాసే పని చేస్తున్నాను. మీ అనుభవం కొత్తది కాదు. సైట్ తాజాగా ఉండటమంటే నా లెక్క ఒకటే: ఈ రోజు ఈ పేజీ చదివి ఒక మనిషి డబ్బు కడితే, బయల్దేరి వస్తే, ఫోన్ చేస్తే, అతనికి నష్టం జరగకూడదు. అంతకంటే పెద్ద నిర్వచనం నాకు అవసరం పడలేదు.

కాబట్టి ముందు ఆ తొంభై వ్యాసాల జోలికి వెళ్లకండి. మనుషులు నిర్ణయం తీసుకునే పేజీలు ఉంటాయి కదా: సర్వీస్ కాంట్రాక్ట్, వారంటీ, మోడళ్లు, పని వేళలు, మీరు ఎక్కడెక్కడికి వస్తారు, ఫిర్యాదు ఎలా చేయాలి. ఇవి మహా అయితే పది పన్నెండు. వీటిని ప్రింట్ తీసి, సర్వీస్ చూసే మనిషి పక్కన కూర్చుని, ఒక్కో వాక్యం చదివి "ఇది ఇప్పుడు నిజమేనా?" అని అడగండి. స్క్రీన్ మీద కాదు, కాగితం మీద, గట్టిగా చదవండి. మనం రాసింది మనకి స్క్రీన్ మీద కనబడదు.

---

రాత_ప్రణాళిక

నేనూ ఏజెన్సీలోనే పని చేస్తాను కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి. క్రమం తప్పకుండా రాయడం పనికిరానిదని తీసిపారేయకండి. ఒక షెడ్యూల్ లేకపోతే చిన్న వ్యాపారాల్లో సైట్‌ని ఎవరూ ముట్టుకోరు. నేను చూసిన సైట్లలో, కనీసం నెలకోసారైనా ఏదో ఒకటి రాసే చోట తప్పులు త్వరగా బయటపడ్డాయి, ఎవరో ఒకరు లోపలికి వెళ్తున్నారు కాబట్టి.

ఇంకొకటి. "నీళ్లు ఎందుకు తాగాలి" లాంటి వ్యాసాలు ఎందుకు వస్తాయో తెలుసా? మేం వివరాలు అడుగుతాం. "మీ సర్వీస్ వాళ్లతో పదిహేను నిమిషాలు మాట్లాడించండి" అంటాం. ఖాళీ లేదంటారు. నెలాఖరుకి ఎనిమిది వ్యాసాలు మాత్రం కావాలంటారు. లోపలి సమాచారం ఇవ్వకపోతే బయట దొరికేదే రాయగలం.

---

నీటిచుక్క

రాత_ప్రణాళిక గారూ, మీరు చెప్పింది నిజం. మా దగ్గర కూడా వాళ్లు మూడుసార్లు అడిగారు, మేమే కుదరదన్నాం. మెయిల్స్ వెతికితే కనబడింది.

---

టూల్‌బాక్స్

నేను రాసేవాణ్ణి కాదు, ప్యూరిఫైయర్ సర్వీస్ మెకానిక్‌ని. మా కంపెనీ వేరు. అయినా ఈ చర్చ చూసి ఉండలేకపోయాను. కస్టమర్లు మమ్మల్ని ఏం అడుగుతారో ఒక వారం రాసుకోండి చాలు, ఏడాదికి సరిపడా పేజీలు వస్తాయి. నాకు రోజూ వచ్చే ప్రశ్నలు ఇవి:

ఫిల్టర్ మార్చాక మొదటిసారి నల్లటి నీళ్లు వచ్చాయి, కొత్తది పాడైందా? (కాదు. కొత్త కార్బన్ ఫిల్టర్ నుంచి సన్నటి బొగ్గు పొడి కొట్టుకొస్తుంది. ముందు వచ్చిన నీళ్లు పారబోయాలి. ఈ ఒక్క ప్రశ్నకే నేను ఎన్నిసార్లు బండి వేసుకుని వెళ్లానో లెక్క లేదు.)

టీడీఎస్ మీటర్‌లో తక్కువ చూపిస్తోంది కదా, నీళ్లు సురక్షితమేనా? దీని మీద జనానికి చాలా అపోహ ఉంది. ఆ మీటర్ నీళ్లలో విద్యుత్తు ఎంత పారుతుందో కొలిచి, కరిగిన లవణాల అంచనా చెప్తుంది. క్రిముల సంగతి దానికి తెలియదు. ఇది ప్రతి ప్యూరిఫైయర్ సైట్‌లోనూ పెద్ద అక్షరాలతో ఉండాలి. చాలా సైట్లలో ఉండదు.

పది రోజులు ఊరెళ్లి వచ్చాం, ట్యాంకులో నీళ్లు తాగొచ్చా?

నీళ్లు సన్నగా వస్తున్నాయి, మెంబ్రేన్ పోయిందా? (ముందు పై ట్యాంకు వాల్వు, ప్రెషర్, మొదటి ఫిల్టర్ చూడాలి. మెంబ్రేన్ దాకా వెళ్లేది ఆ తర్వాత.)

ఇవి ఎవరైనా ఒక పేజీలో సరిగా రాసి పెడితే నేను కస్టమర్‌కి లింక్ పంపేస్తాను. మా కంపెనీ సైట్‌లో లేవు. నేను పంపేది ఎవరో తెలియనివాళ్లు తీసిన వీడియో.

---

అక్షరపని

టూల్‌బాక్స్ గారు చెప్పిన ఆ చివరి మాట మీద కాసేపు ఆగండి. సొంత కంపెనీ మెకానిక్ తన కస్టమర్‌కి పంపడానికి సొంత సైట్‌లో పేజీ లేదు. సైట్ పనికొస్తోందా లేదా అన్నది తేల్చడానికి నేనైతే ఇదే అడుగుతాను: మీ సిబ్బంది రోజువారీ పనిలో మీ సైట్ లింకులు ఎవరికైనా పంపుతున్నారా?

రాత_ప్రణాళిక గారూ, షెడ్యూల్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. ఆ షెడ్యూల్‌లో పడాల్సింది ఏమిటన్నదే తేడా. "ఈ నెల ఎన్ని రాశాం" బదులు "ఈ నెల ఏయే పేజీలు తిరిగి చూశాం" అని పెట్టుకోవచ్చు కదా.

---

కొత్తపేజీ

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. ఇవన్నీ ఏఐతో రాయించేస్తే ఒక్క రోజులో అయిపోతాయి కదా? ఇంత టెన్షన్ ఎందుకు?

---

సర్వర్‌గది

భాష సరిదిద్దుకోవడానికి, మెకానిక్ చెప్పిన రికార్డింగ్‌ని పేరాలుగా మార్చుకోవడానికి వాడుకోండి, తప్పేమీ లేదు. కానీ నీటిచుక్క గారి ప్లాన్ ఆగిపోయిందని ఆ యంత్రానికి ఎవరు చెప్తారు? ఈ కథలో పోయింది భాష కాదు, సమాచారం.

గంపగుత్తగా వందల పేజీలు దించే ఆలోచన ఉంటే మాత్రం, 2024 మార్చిలో గూగుల్ తన స్పామ్ నియమాల్లో దాన్ని నేరుగా చేర్చింది. మనిషి రాశాడా, యంత్రం రాసిందా అన్నది వాళ్లకి ప్రధానం కాదు. చదివేవాడికి ఉపయోగం లేకుండా ర్యాంకుల కోసమే పెద్దఎత్తున పేజీలు పుట్టించడం స్పామ్ కిందకే వస్తుంది. నిజం చెప్పాలంటే ఆ తొంభై వ్యాసాల పద్ధతి కూడా దానికి ఎంతో దూరంలో లేదు.

---

లెక్కలపుస్తకం

పాతవి తీసేయాలా అన్న ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. చూడకుండా ఏదీ తీసేయకండి.

ఒక స్ప్రెడ్‌షీట్ తెరవండి. సైట్‌లోని ప్రతి పేజీకీ ఒక వరుస. చిరునామా, చివరిసారి నిజంగా మార్చిన తేదీ, ఇందులో ఉన్న విషయం ఎవరికి తెలుసు (మనిషి పేరు రాయాలి, విభాగం కాదు), ఎప్పుడు మళ్లీ చూడాలి. తర్వాత సెర్చ్ కన్సోల్ (మీ సైట్ గూగుల్ వెతుకులాటలో ఎలా కనబడుతోందో చూపే గూగుల్ సాధనం) నుంచి సంఖ్యలు తెచ్చి పక్కన పెట్టండి. అందులో 16 నెలల వివరాలు ఉంటాయి, ఏడాది క్రితం ఇదే నెలతో పోల్చుకోవచ్చు. ఏ మాటలతో వెతికి వచ్చారో కూడా కనబడుతుంది. మీ పేజీ చెప్పేదీ, వచ్చినవాళ్లు వెతికిందీ వేరువేరుగా ఉంటే ఆ పేజీ తిరగరాయాల్సిందే.

పాత సైట్ కదా, ఇంకొకటి చూడండి. సైట్‌కి ఎవరెవరు వచ్చారో లెక్కపెట్టే గూగుల్ పాత సాధనం యూనివర్సల్ అనలిటిక్స్ 2023 జులై 1 నుంచి మామూలు ఖాతాలకు లెక్కలు తీసుకోవడం ఆపేసింది. దాన్ని మార్చని సైట్లు నేను ఇంకా చూస్తున్నాను. ఎవరో చూస్తున్నారని అందరూ అనుకుంటారు, లోపల ఏమీ నమోదు కావడం లేదు.

సందర్శకుల సంఖ్య ఒక్కదాన్నే నమ్మి కోత వేయకండి. వారంటీ పేజీకి నెలకి ఇరవై మంది రావచ్చు. ఆ ఇరవై మందీ ఇబ్బందిలో ఉన్నవాళ్లు.

---

రాత_ప్రణాళిక

తీసేయడం గురించి ఒక ఉదాహరణ. 2023లో సీనెట్ అనే పెద్ద టెక్ వార్తల సైట్ వేల పాత కథనాలను తొలగించింది, వెతుకులాటలో ర్యాంకు మెరుగుపడుతుందని. అప్పుడు గూగుల్ తరఫున, పాతదైనంత మాత్రాన మాకు నచ్చదన్నది అపోహ, అలా అనుకుని తొలగించకండి అని బహిరంగంగానే చెప్పారు. అంటే వయసు కారణంగా ఏ పేజీనీ చంపనక్కర్లేదు. పనికిరాదు కాబట్టి తీసేస్తే అది వేరే సంగతి.

ముఖ్యంగా మోడళ్ల పేజీలు. మీరు అమ్మడం ఆపేసిన మెషిన్ జనం వంటింట్లో ఇంకా నడుస్తూనే ఉంటుంది. దాని మాన్యువల్, దానికి పట్టే ఫిల్టర్ ఏది అన్న వివరం తీసేస్తే వాళ్లు ఎక్కడికి వెళ్లాలి? "ఈ మోడల్ ఇప్పుడు అమ్మడం లేదు, సర్వీస్ ఉంది, దీనికి ఫలానా ఫిల్టర్ పడుతుంది" అని పైన రెండు వాక్యాలు రాసి ఉంచండి.

---

సర్వర్‌గది

పై మాటకి నా పూర్తి మద్దతు. ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే అమెరికా పరిశోధన సంస్థ 2024లో ఒక పరిశీలన ప్రచురించింది: 2013 నాటి వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ల తర్వాత అందుబాటులో లేవు. మన పేజీకి ఎవరో బుక్‌మార్క్ పెట్టుకుని ఉంటారు, బిల్లు వెనకాల లింక్ అచ్చువేసి ఉంటారు.

తీసేయాల్సి వస్తే ఎలా తీయాలో చెప్తాను. అదే విషయం మీద మెరుగైన పేజీ ఉంటే పాతదాన్ని 301తో (పేజీ శాశ్వతంగా మారిందని చెప్పే మళ్లింపు) దానికి మళ్లించండి. బదులు పేజీ లేకపోతే నిజాయితీగా 404 (పేజీ దొరకలేదు) గానీ 410 (పేజీ తీసేశాం) గానీ రానివ్వండి. అన్నిటినీ హోమ్ పేజీకి మళ్లించే అలవాటు ఉంది, అది చేయకండి. మెంబ్రేన్ గురించి నొక్కినవాడికి మీ కంపెనీ బొమ్మ కనబడితే ఏం లాభం? గూగుల్ కూడా అలాంటి మళ్లింపుని చాలాసార్లు 'పేజీ లేదు' అనే లెక్కేసుకుంటుంది.

సైట్‌మ్యాప్‌లో (సైట్‌లోని పేజీల జాబితాను గూగుల్‌కి ఇచ్చే ఫైల్) చివరిసారి మార్చిన తేదీ పెట్టే చోట నిజమైన తేదీయే పెట్టండి. అది నమ్మదగినట్టు ఉంటేనే గూగుల్ వాడుకుంటుంది. ఎంత తరచుగా మారుతుంది, ఎంత ప్రాధాన్యం అని నింపే మిగతా రెండు గడులనీ అది పట్టించుకోదు. వాటి మీద సమయం పెట్టకండి.

---

నీటిచుక్క

అందరికీ చాలా థాంక్స్ అండి. మూడు వారాలు పట్టింది, చేసిందంతా చెప్తాను.

అక్షరపని గారు చెప్పినట్టు పదకొండు పేజీలు ప్రింట్ తీశాను. మా సర్వీస్ చూసే అన్నయ్య, నేను ఒక మధ్యాహ్నం కూర్చున్నాం. ఎర్ర పెన్ను సిరా అయిపోయేంత పని పడింది. పని వేళలు తప్పు. ఒక ఫోన్ నంబరు మా దగ్గర మానేసిన మనిషిది. "24 గంటల్లో వస్తాం" అని ఉంది, సెలవు రోజుల్లో అది ఎప్పుడూ జరగలేదు. వారంటీలో ఏం రాదు అన్నది ఎక్కడా లేదు, ఏం వస్తుంది అన్నది మాత్రం ఉంది.

అనలిటిక్స్ సంగతి కూడా లెక్కలపుస్తకం గారు అన్నట్టే ఉంది. పాత కోడే. దానిలో ఏమీ నమోదు కావడం లేదు. సెర్చ్ కన్సోల్ మాత్రం పని చేస్తోంది. చూస్తే తొంభై వ్యాసాల్లో ఆరింటికే మనుషులు వస్తున్నారు. అన్నిటికంటే ఎక్కువమంది వచ్చేది నాన్నగారు ఎప్పుడో సొంతంగా రాసి పెట్టిన "ప్యూరిఫైయర్ నుంచి కూతలాంటి శబ్దం వస్తే" అన్న చిన్న పేజీకి. ఏజెన్సీ రాసింది కాదు. నాన్నగారికి చెప్తే కాసేపు మాట్లాడలేదు, తర్వాత ఆ పేజీ తీసి తనే రెండు తప్పులు దిద్దారు.

ఇప్పుడు ఒక చిక్కు. కాంట్రాక్ట్ పేజీ సరిచేశాను. అయినా నిన్న ఇంకొకరు అదే ఉచిత మెంబ్రేన్ గురించి అడిగారు! ఎక్కడ చదివారో అర్థం కావడం లేదు.

---

లెక్కలపుస్తకం

అదే మాట వేరే చోట ఉండి ఉంటుంది. హోమ్ పేజీ బ్యానర్ బొమ్మ, పీడీఎఫ్ బ్రోషర్, గూగుల్ మ్యాప్స్‌లో మీ వ్యాపార వివరాలు, వాట్సాప్ బిజినెస్ ఆటో రిప్లై. ఈ నాలుగూ చూడండి.

---

సర్వర్‌గది

పీడీఎఫ్ అని నా అనుమానం. మెనూలోంచి లింక్ తీసేసినంత మాత్రాన ఫైల్ పోదు, సర్వర్ మీదే ఉంటుంది, వెతుకులాటలో వస్తూనే ఉంటుంది. గూగుల్‌లో సైట్ అన్న ఇంగ్లిష్ మాట, కోలన్, వెంటనే మీ డొమైన్ పేరు, తర్వాత కొటేషన్లలో ఆ వాక్యం పెట్టి వెతకండి. బొమ్మల్లో రాసిన అక్షరాలు మాత్రం దీనికి చిక్కవు, అవి కంటితో చూడాల్సిందే. అందుకే ప్లాన్లు, పని వేళలు లాంటివి బొమ్మల మీద రాయించకూడదు.

---

నీటిచుక్క

పీడీఎఫే! రెండున్నాయి, ఒకటి మరీ పాతది. తీసేశాను. బ్యానర్‌లో కూడా చిన్న అక్షరాలతో ఉంది.

---

అక్షరపని

ఇక్కడే అసలు పని మొదలవుతుంది. ఒక విషయం ఒక్క చోటే రాయండి. మిగతా అన్నిచోట్లా దానికి లింక్ ఇవ్వండి. బ్రోషర్‌లో ప్లాన్ వివరాలు వద్దు, "ప్రస్తుత ప్లాన్లు ఈ పేజీలో" అని చాలు. వాట్సాప్ రిప్లైలోనూ అంతే. అయిదు చోట్ల రాసిన మాట అయిదు చోట్లా మార్చాలంటే ఏదో ఒక చోట మర్చిపోతాం, ఎంత జాగ్రత్తపరులమైనా.

రెండోది, ప్లాన్ ఆపాలని మీరు ఇంట్లో నిర్ణయించిన రోజునే పేజీ మారాలి. కొత్త రేట్ల కాగితం కౌంటర్‌లో పెట్టే మనిషే, అదే పూట సైట్ కూడా మార్చాలి. "వెబ్‌సైట్ వాళ్లకి తర్వాత చెప్దాం" అన్న దగ్గరే ఇదంతా మొదలవుతుంది. పేజీ మార్చడం అన్నయ్యకి రాదంటే నేర్పించండి. ఒక వాక్యం మార్చడం అరగంటలో వస్తుంది.

---

కొత్తపేజీ

ప్రశ్నలు-జవాబుల పేజీ పెడితే గూగుల్ ఫలితాల్లో కిందకి విచ్చుకునే ప్రశ్నలు వస్తాయి కదా? దానికోసమైనా చేయొచ్చా?

---

రాత_ప్రణాళిక

అది పాత మాట. 2023 ఆగస్టులోనే దాన్ని పేరున్న ప్రభుత్వ, ఆరోగ్య సైట్లకే పరిమితం చేశారు. గూగుల్ ఫలితాల్లో అలా కనబడటం కోసం కాకుండా, టూల్‌బాక్స్ గారు లింక్ పంపడానికి పనికొచ్చేలా పెట్టండి. ఒక ప్రశ్నకి ఒక పేజీ ఉంటే పంపడం సులువు.

ఇంకో మాట చెప్పాలి. ఈ చర్చ చదివాక మా టీమ్‌లో అడిగాను, వచ్చే నెల నుంచి ఇద్దరు క్లయింట్లకు ఎనిమిది కొత్త వ్యాసాల బదులు రెండు కొత్తవి, ఆరు పాతవి సరిచేయడం అని ఒప్పందం మారుస్తున్నాం. ఒకరు ఒప్పుకున్నారు. రెండోవారికి సంఖ్య తగ్గినట్టు అనిపిస్తోంది, ఇంకా మాట్లాడుతున్నాం.

---

నీటిచుక్క

టూల్‌బాక్స్ గారూ, మీ మొదటి ప్రశ్నతోనే మొదలుపెట్టాను. ఒకసారి చూడండి:

"ఫిల్టర్ మార్చిన తర్వాత మొదట వచ్చే నీళ్లు నల్లగా ఉంటే భయపడకండి. అది కొత్త కార్బన్ ఫిల్టర్‌లోని బొగ్గు పొడి. ట్యాంకు ఒకసారి నిండాక ఆ నీళ్లన్నీ పారబోయండి. రెండోసారి నిండిన నీళ్లు వాడుకోండి. రంగు అప్పటికీ తగ్గకపోతే మాకు ఫోన్ చేయండి."

---

టూల్‌బాక్స్

బాగుంది మేడమ్. రెండు మార్పులు. "రెండోసారి నిండిన నీళ్లు వాడుకోండి" అని తీర్మానంగా రాయకండి, కొన్ని ఫిల్టర్లకి ఇంకా ఎక్కువ నీళ్లు వదలాల్సి ఉంటుంది. ఫిల్టర్‌తో వచ్చే కాగితంలో ఎంత వదలాలో ఉంటుంది, అది చూడమనండి. రెండోది, నీళ్లు పారబోసేటప్పుడు ట్యాప్ తెరిచి మెషిన్ వదిలేసి వెళ్లిపోతారు. మీ మోడళ్లలో ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసే ప్లగ్ కింద ఉంటే, దాని ఫొటో పెట్టండి. మాటలతో చెప్తే ఎవరికీ దొరకదు.

---

నీటిచుక్క

మార్చాను. ప్లగ్ మా రెండు మోడళ్లకి కింద, ఒకదానికి వెనక ఉంది. మూడు ఫొటోలూ అన్నయ్య తీస్తున్నాడు, సాయంత్రానికి ఎక్కిస్తాం. పేజీ అడుగున ఈ రోజు తేదీ, చూసినవాళ్లుగా అన్నయ్య పేరు పెట్టాను.